ఉక్కు నగరంలో పెండ్లి పూలజడ: పార్లర్ ఎంపికలో జాగ్రత్త అవసరం

జంషెడ్‌పూర్: ధనుర్మాసం ముగిసి సంక్రాంతి వెళ్ళగానే ఉక్కు నగరమైన జంషెడ్‌పూర్‌లో పెండ్లి సందడి మొదలవుతుంది. ఉత్తరాదివారు ‘ఖర్మాస్’గా వ్యవహరించే ఆ కాలంలో స్థానికులు సైతం వివాహాలు జరపరు. అందువల్ల ఆగిన ముహూర్తాలన్నీ ఆ తరువాతి వారాలలో ఒక్కసారిగా వచ్చిపడతాయి. కేశాలంకరణ నిపుణుల కోసం అన్ని భాషలవారి మధ్యా పోటీ ఏర్పడుతుంది.

1907లో టాటా ఉక్కు కంపెనీ స్థాపన జరిగిన పిమ్మట ఉపాధి నిమిత్తం ఉత్తరాంధ్ర జిల్లాల నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా స్థిరపడిన విషయం విదితమే. వీరి ఇండ్లలో పెండ్లికూతురికి పూలజడ ముఖ్యమైన అలంకారం. కాగా ఉత్తరాది, వంగ సంప్రదాయాలలో వధువుకు కొప్పు ముడవడమే పరిపాటి. సవరం చేర్చి, రాగిడి, నాగరం, జడగంటలు అమర్చి, పూలు కుట్టే పని కొప్పు ముడిచే పనికి భిన్నమైనది. కనుక పార్లర్‌వారు లోగడ వేసిన పూలజడల ఫోటోలను చూసి, వీలైతే ఒకసారి జడ వేయించుకొని చూసిన మీదటనే బయానా చెల్లించడం శ్రేయస్కరం. తెలుగువారి ముహూర్తాలు తరచు అర్ధరాత్రి లేదా తెల్లవారుజామున ఉంటాయి. ఆ వేళకు ఇంటికి రాగలరా, రాకపోకల ఖర్చు, పూల ఖరీదు ఎవరివి అన్నది ముందే తేల్చుకోవాలి.

బిగుతు జడతో ముప్పు

జడ ఎంత బిగువుగా ఉంటే అంత అందమన్న అభిప్రాయం సరికాదు. నిరంతరం లాగివేయబడే వెంట్రుకలు నుదుటి అంచున, కణతల వద్ద రాలిపోవడాన్ని వైద్యులు ‘ట్రాక్షన్ అలోపీషియా’గా పేర్కొంటారు. తొలిదశలో బిగువు తగ్గిస్తే జుట్టు తిరిగి మొలుస్తుంది. ఏళ్ళ తరబడి కొనసాగితే కుదుళ్ళు శాశ్వతంగా నశిస్తాయి. జడ వేసేటప్పుడు నొప్పి పుట్టినా, కుదుళ్ళ వద్ద పొక్కులు లేచినా వెంటనే సడలించమని కోరాలి. సవరం, పూల బరువుతో నిద్రించరాదు.

బిల్లులో చూడవలసినది

సెలూన్, బ్యూటీ పార్లర్ సేవలపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుండి 18 శాతం నుండి 5 శాతానికి తగ్గించబడింది. వార్షిక టర్నోవరు 20 లక్షల రూపాయలకు మించని, రిజిస్ట్రేషన్ లేని పార్లర్లు ఈ పన్ను వసూలు చేయరాదు. పన్ను వేసిన బిల్లుపై జీఎస్టీ నెంబరు ఉండాలి. ఝార్ఖండ్‌లో అది ‘20’ అంకెతో మొదలవుతుంది. బయానా పుచ్చుకొని మాట తప్పినవారిపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

ముందు రోజు ఏర్పాట్లు

తలంటు ముందు రోజే ముగించుకొని జుట్టును పూర్తిగా ఆరబెట్టుకోవాలి. తడి జుట్టు సాగి సులువుగా తెగుతుంది. అప్పటికప్పుడు నూనె రాస్తే సవరం జారిపోయే అవకాశం ఉంది. రంగు వేయించుకోదలచినవారు కనీసం 48 గంటల ముందు చర్మంపై కొద్దిగా రాసి పరీక్షించుకోవాలి. సొంత దువ్వెన వెంట ఉంచుకోవడం మంచిది. మెడ మీదుగా తీయనక్కరలేని రవికె ధరించి కూర్చుంటే, పూర్తయిన జడ చెదరకుండా పీటల వరకు నిలుస్తుంది.