మల్లెకు దోహదము

అశోకమునకు పాదతాడనము, పొగడకు పుక్కిటి మద్యము, గోరంటకు కౌగిలింత: ఇవి కవులు చెప్పిన దోహదములు. దోహదమనగా గర్భిణి కోరిక. అది తీర్చినగాని తరువు పూయదని భావము. ‘మాళవికాగ్నిమిత్రము’న మాళవిక అశోకమును తన్నుట ఇందుకే గదా! ఈ పాఠమును 30 ఏండ్లుగా చెప్పుచున్న నాకు పెరటి మల్లె రెండు వేసవులు ఒక్క మొగ్గయైన నీయలేదు.

ఆ తీగ మా అమ్మ నాటినది. ఆమె పోయిన పిమ్మట దానికే కొరతయు రానీయరాదని నిత్యము నీరు పోసితిని, ఎరువు వేసితిని. కొమ్మ త్రుంచుటకు చేయి రాలేదు. తీగ పందిరి నిండ అల్లుకొన్నది; పూత మాత్రము లేదు.

పూలమ్మెడి అవ్వ చూచి నవ్వినది. “పంతులుగారూ, కడుపునిండా మేపుతుంటే ఇంక పూయడమెందుకండీ? కొన్నాళ్ళు పస్తు పెట్టి కత్తెరెయ్యండి.”

ఆమె మాట శాస్త్రసమ్మతమే. మల్లె క్రొత్త చిగురుల కొనల పూచును. నత్రజని మిక్కుటమైనచో ఆకే పెరుగును. నీడ పడినచో పూత తగ్గును. కనుక డిసెంబరు చివర నీరు మాన్పవలెను. జనవరిలో కొమ్మలను మోకాలెత్తున కత్తిరించి, ఆకు దులిపి, పాదు త్రవ్వి, పశువుల ఎరువు వేసి, అప్పుడు నీరు పెట్టవలెను.

కత్తెర పట్టిన నాడు నా చేయి వణకినది. ఫాల్గుణము వెడలకమున్నే మొగ్గ తొడిగినది. మొదటి మూర దండ అమ్మ పటమునకు వేసితిమి.