అమెరికా రాజ్యాంగము – తొలి సవరణలు

రాజ్యాంగమును వ్రాయుట యొక యెత్తు; దానిని ప్రజలచే నొప్పించుట యొక యెత్తు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నీ రెండవ కార్యమే కష్టతరమయ్యెను. నాటి వాదప్రతివాదములు నేటికిని స్మరింపదగినవని మా యభిప్రాయము.

1787 సెప్టెంబరు 17వ తేదీన ఫిలడెల్ఫియాలో 39 మంది ప్రతినిధులు నూతన రాజ్యాంగముపై చేవ్రాళ్లు చేసిరి. పదుమూడు రాష్ట్రములలో తొమ్మిది సమ్మతించినచో, సమ్మతించినవాని నడుమ నది యమలులోనికి వచ్చునని యేర్పాటు. డెలావేరు డిసెంబరు 7వ తేదీననే యేకగ్రీవముగ నంగీకరించెను. కాని వర్జీనియా ప్రతినిధియగు జార్జి మేసను ఫిలడెల్ఫియాలోనే చేవ్రాలు చేయ నిరాకరించి యుండెను. ప్రభుత్వాధికారములను వివరించిన పత్రమున ప్రజల హక్కుల ప్రకటన యేదీ యని యాతని యాక్షేపణ. ఈయని యధికారము ప్రభుత్వమునకు లేనేలేదు గనుక హక్కులను వేరుగ జెప్పనక్కరలేదని రాజ్యాంగవాదుల సమాధానము.

ఈ సమాధానము పెక్కుమందికి తృప్తి నీయలేదు. 1788 ఫిబ్రవరిలో మసాచూసెట్సు సభ 187 వోట్లకు 168 వోట్లు ఎదురు రాగా రాజ్యాంగము నామోదించి, దానితోబాటు సవరణలను సిఫారసు చేసెను. పదిమంది మనసు మారినచో ఫలితమే మారియుండెడిది. జూను 21న న్యూహాంప్‌షైరు తొమ్మిదవ రాష్ట్రమయ్యెను. పిమ్మట వర్జీనియాలో 89కి 79, న్యూయార్కులో 30కి 27 వోట్లతో మాత్రమే యామోదము లభించెను.

ఇంతటితో కార్యము ముగిసినదని గెలిచినవారు మిన్నకుండవచ్చును. అట్లు జరుగలేదు. హక్కుల ప్రకటన యనవసరమని మొదట దలచిన జేమ్సు మాడిసనే 1789 జూను 8న సవరణలను ప్రతినిధిసభలో ప్రతిపాదించెను. అమెరికా శాసనసభయగు కాంగ్రెసు పండ్రెండింటిని రాష్ట్రములకు బంపగా, 1791 డిసెంబరు 15 నాటికి పది స్థిరపడెను. మతస్వేచ్ఛ, వాక్స్వాతంత్ర్యము, పత్రికాస్వాతంత్ర్యము, అకారణముగ నిండ్లు సోదా చేయరాదనుట, నేరవిచారణలో జూరీ – ఇవన్నియు నందు జేరినవి. ఓడినవారి యాక్షేపణయే రాజ్యాంగమునకు రక్షాకవచమయ్యెను.

అయినను లోపమును దాచరాదు. ఆ సవరణలు కేంద్రప్రభుత్వమునే కట్టుపరచెను గాని రాష్ట్రములను గాదు. హక్కుల నింతగ గొనియాడిన దేశముననే లక్షలకొలది నీగ్రోలు బానిసలై యుండిరి. బానిసత్వము శాసనముచే తొలగుటకు 1865లో పదుమూడవ సవరణ రావలసివచ్చెను.

మన రాజ్యాంగము 1950 జనవరి 26న అమలులోనికి వచ్చెను. 1951 జూనులో వచ్చిన మన తొలి సవరణ వాక్స్వాతంత్ర్యమునకు పరిమితులు విధించుటకు దగు కారణములను పెంచెను. పరిమితులు సమంజసములై యుండవలెనని చేర్చి న్యాయస్థానముల విచారణకు తావును నిచ్చెను. అచటి తొలి సవరణ ప్రభుత్వము చేతులు గట్టుటకు బుట్టినది. ఇచటిది ప్రభుత్వమునకు వలసిన వెసులుబాటుకొరకు బుట్టినది. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచుట పౌరునకు మేలు.

సవరణ యనగానే మేలనియు గాదు, కీడనియు గాదు. అది యెవరి చేతులు గట్టుచున్నది, ఎవరి నోరు గట్టుచున్నది యను ప్రశ్నను ప్రతి తరమువారును అడుగుచుండవలెను. ఆ యడుగువారు నేడు సభలో నోడిపోయినను, వారి మాట వ్యర్థము గాదని 1788 నాటి చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది.