కారు ఆంప్లిఫయరులో అవాంఛిత ధ్వని: కారణ నిర్ధారణ

కీలకపదాలు: ఆల్టర్నేటరు, ఎర్తు వలయం, సిగ్నలు కేబులు, గెయిన్.

ఉపోద్ఘాతం:
పొన్నూరు, నిడుబ్రోలు పరిసరాలలో ప్రచార వాహనాలకే గాక సొంత కార్లకు కూడా ఆంప్లిఫయర్లు బిగించడం పరిపాటి. బిగించిన పిదప ఇంజను వేగంతోపాటు స్థాయి పెరిగే సన్నని ఈల వినిపిస్తే నింద ఆంప్లిఫయరుపై పడుతుంది. చాలా సందర్భాలలో దానిని మార్చినా ఈల పోదు. డబ్బు మాత్రం పోతుంది.

ధ్వని పుట్టుక:
మెకానిక్కులు నేటికీ 'డైనమో' అని వ్యవహరించే ఆల్టర్నేటరు మూడు ఫేజుల విద్యుత్తును డయోడ్ల ద్వారా ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. అందులో చిన్న అలలు మిగిలిపోతాయి. ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నదని, పుల్లీల నిష్పత్తి 2.5 అని, ధ్రువాల జతలు 6 అని అనుకుంటే ఆ అలల పౌనఃపున్యం 1,200 హెర్ట్జ్ అవుతుంది. 2,000 చుట్ల వద్ద అది 3,000 హెర్ట్జ్. మానవ శ్రవణం అత్యంత సున్నితంగా ఉండేది ఇంచుమించు ఈ పరిధిలోనే.

'ఎర్తు' అనే మాట:
రబ్బరు టైర్లపై నిలిచిన కారుకు భూమితో సంబంధం లేదు. ఇక్కడ 'ఎర్తు' అంటే బాడీ రేకు మాత్రమే. స్టీరియో ఎర్తు ముందుభాగంలో, ఆంప్లిఫయరు ఎర్తు డిక్కీలో ఉన్నప్పుడు రెంటి మధ్య కొద్దిపాటి వోల్టేజి భేదం ఏర్పడుతుంది. రంగు గీకకుండా బిగించిన బోల్టు వద్ద 0.01 ఓము నిరోధం ఉండి, 20 ఆంపియర్లు ప్రవహిస్తే ఆ భేదం 0.2 వోల్టులు. సిగ్నలు కేబులు పైతొడుగు ఆ రెంటినీ కలుపుతుంది కనుక అందులోని అలల భాగం సంగీతంతో కలిసి ఆంప్లిఫయరులోకి చేరుతుంది.

నిర్ధారణ:
ఆంప్లిఫయరును ఆపి, దాని వద్ద సిగ్నలు పిన్నులు ఊడదీసి, మళ్లీ నడిపి వినాలి. ఈల కొనసాగితే లోపం పవరు తీగలో, ఎర్తులో, స్పీకరు తీగలలో లేదా ఆంప్లిఫయరులోనే ఉన్నది. ఆగిపోతే, ఛార్జింగులో లేని ఫోనును నేరుగా కలపాలి. అప్పుడు నిశ్శబ్దంగా ఉంటే అనుమానం కేబులు, స్టీరియోల మీదికి మళ్లుతుంది. కొత్త కేబులును సీట్ల మీదుగా, పవరు తీగకు దూరంగా పరచి చూస్తే ఆ రెంటిలో దేనిదో తేలుతుంది. పాత కేబులు పవరు తీగ పక్కనే సాగి ఉంటే దానిని కారు రెండవ అంచుకు మార్చవలసి ఉంటుంది.

ఇంజను ఆగినా మారని 'స్‌స్' శబ్దం వేరు. అది తరచుగా గెయిన్ అతిగా పెంచినందువల్ల వచ్చేది. ఎర్తు బోల్టు కింద రంగు గీకి, పొట్టి, మందపాటి తీగ బిగించడానికి పట్టే సమయం పది నిమిషాలు. బజారులో దొరికే ఐసొలేటరు వలయాన్ని తెంచగలదు గాని, చవక రకాలు బేస్ స్వరాలను పలుచన చేస్తాయి. వదులు బోల్టు వదులుగానే మిగులుతుంది.