పోపుల డబ్బా పక్కన పాస్‌వర్డ్‌ పుస్తకం

కంప్యూటర్‌ లేని ఇల్లు ఉందేమో గానీ, కంప్యూటర్‌తో పని పడని ఇల్లు ఇప్పుడు లేదు. గ్యాస్‌ బుకింగు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు, రైలు టిక్కెట్లు... అన్నీ తెర మీదే. అయినా చాలా ఇళ్లలో ఆ తెర ముందు కూర్చునేది మాత్రం ఇంట్లో మిగతా వాళ్లే. “బాబు కాలేజీ నుంచి వచ్చాక చూస్తాడులే”, “ఆయన్నడిగి చెబుతాను” అనడం మనకి అలవాటైపోయింది.

నలభై మంది భోజనానికి బియ్యం, పప్పు నోటి లెక్కతో చెప్పగల ఇల్లాలు నాలుగు మీటల ముందు తడబడుతోందంటే తెలివి లేక కాదు. ముట్టుకుంటే పాడవుతుందేమోనన్న భయం ఒకటి. ఏం చేయాలన్నా డబ్బు పోయాలన్న అపోహ మరొకటి. నిజానికి తప్పు మీట నొక్కినంత మాత్రాన యంత్రం పాడైపోదు. ఇంటి అవసరాలకు కావలసినవీ చాలావరకు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. కావలసిందల్లా కాస్త ఓపిక, రోజుకో పావుగంట.

తాళం చెవి ఎవరి దగ్గరుంది?

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఇంట్లో మెయిలు, ఫొటోలు, బ్యాంకు సందేశాలు అన్నీ ఆవిడ భర్త నంబరు మీదే నడిచేవి. ఆయన పోయాక ఆ నంబరుకి రీఛార్జి చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కొన్నాళ్లకి అది రద్దయింది. పాస్‌వర్డ్‌ తెలియదు, మార్చుకుందామంటే ఓటీపీ ఆ రద్దయిన నంబరుకే వెళుతుంది. మనవరాలి బారసాల ఫొటోలు భద్రంగానే ఉన్నాయి, కానీ ఆవిడ చూడలేరు. బీరువా నిండా నగలుండి, తాళం చెవి నూతిలో పడ్డట్టుంది పరిస్థితి.

అందుకే మొట్టమొదటి చిట్కా ఇది. మీ పేరున, మీ ఫోన్‌ నంబరుతో ఒక మెయిల్‌ ఖాతా తెరవండి. పిల్లలు తెరిచి ఇచ్చినదే వాడుతున్నట్లయితే, పాస్‌వర్డ్‌ మర్చిపోతే ఏ నంబరుకి సందేశం వస్తుందో ఒకసారి చూసుకోండి. అది అమెరికాలో ఉన్న అబ్బాయి పాత నంబరైతే ఈరోజే మార్పించండి.

పాస్‌వర్డ్‌ అంటే అమ్మాయి పేరు, పుట్టిన సంవత్సరం కాదు. ఒకదానితో ఒకటి పొంతన లేని మూడు నాలుగు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి. చెక్కభజన, బొప్పాయి, తలుపుగడియ... ఇలాగన్నమాట. (ఇవే పెట్టుకోకండి మరి, పేపర్లో వచ్చేశాయి!) పొడవు పెరిగే కొద్దీ ఊహించడం కష్టం, మనకి గుర్తుంచుకోవడం తేలిక. మెయిలుకి, బ్యాంకుకి ఒకటే పెట్టకండి. గుర్తుండకపోతే ఒక చిన్న నోటుపుస్తకంలో రాసి, పత్రాలుండే చోట పెట్టి తాళం వేయండి. ఎక్కడో కూర్చుని కన్నం వేసే దొంగ మీ బీరువా తెరవలేడు. బ్యాంకు కార్డు పిన్‌, యూపీఐ పిన్‌ మాత్రం ఆ పుస్తకంలో రాయకండి. అవి మనసులోనే ఉండాలి.

దీనికి తోడు రెండంచెల తాళం ఉంటుంది. పాస్‌వర్డ్‌ ఒక్కటే తెలిసినవాడు లోపలికి రాలేడు, ఫోన్‌కి వచ్చే అనుమతి కూడా కావాలి. గూగుల్‌ ఖాతాలో దీన్ని పెట్టుకున్నవారికి, ఫోన్‌ పోతే వాడుకోమని పది రహస్య సంకేతాలు ఇస్తారు. వాటిని అచ్చు వేసుకుని నోటుపుస్తకంలోనే అంటించండి. వాట్సప్‌కీ ఆరంకెల పిన్‌ పెట్టుకోవచ్చు. ఇవన్నీ ఉచితమే.

ఇంకో సంగతి. రెండేళ్లపాటు అసలు వాడని ఖాతాలను అందులోని ఫొటోలతో సహా తీసేయవచ్చని గూగుల్‌ 2023లో ప్రకటించింది. పాత ఖాతా ఏదైనా ఉంటే అప్పుడప్పుడూ తెరిచి చూస్తూ ఉండండి. మన తర్వాత ఎవరు చూసుకోవాలో ముందే పేర్లు రాసిపెట్టే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. వీలునామా లాంటిదే అనుకోండి. మనసుకి కాస్త కష్టంగా ఉన్నా మంచి పని.

కొనక్కర్లేని సామాను

కంప్యూటర్‌ కొనగానే దుకాణం వాళ్లు “మేడమ్‌, దీనికి ఆఫీసు వేయించాలి, యాంటీవైరస్‌ వేయించాలి” అని మరో నాలుగు వేలు కలుపుతారు. తొందరపడకండి. ఉత్తరాలు రాసుకోవడానికి, ఇంటి ఖర్చుల పట్టీ వేసుకోవడానికి లిబ్రే ఆఫీస్‌ ఉచితంగా దొరుకుతుంది. ఎవరైనా వర్డ్‌లో రాసి పంపిన ఉత్తరాన్ని కూడా ఇందులో తెరుచుకోవచ్చు. పాటలు, పెళ్లి వీడియోలు చూడడానికి వీఎల్‌సీ ఉంది. వైరస్‌ల కాపలా విండోస్‌తో పాటే వస్తుంది. ఇంటి వాడకానికి అది చాలు, అడిగిన అప్‌డేట్లు మాత్రం వాయిదా వేయకండి. ఏది దించుకున్నా దాన్ని తయారుచేసిన వారి సొంత వెబ్‌సైటు నుంచే దించుకోవాలి. “ఖరీదైనది ఉత్తినే ఇస్తాం” అనే సైట్ల జోలికి వెళితే వైరస్‌ని పిలిచి పీట వేసినట్టే.

మీది పాత కంప్యూటరా? విండోస్‌ 10కి మైక్రోసాఫ్ట్‌ మామూలు రక్షణ సాయం 2025 అక్టోబర్‌ 14తో ఆగిపోయింది. అంతమాత్రాన తూకానికి వేసేయనక్కర్లేదు. యంత్రానికి శక్తి ఉంటే విండోస్‌ 11కి ఉచితంగా మారవచ్చు. లేకపోతే లినక్స్‌ మింట్‌ అనే ఉచిత వ్యవస్థ వేయించండి. మెయిలు, బ్రౌజరు, పిల్లల పాఠాలకు ఇబ్బంది లేకుండా మరికొన్నేళ్లు పనికొస్తుంది. మార్చే ముందు మీ ఫైళ్లన్నీ వేరే చోట దాచుకోవడం మరవకండి.

హాయిగా తెలుగులో

“ఇంగ్లీషు సరిగా రాదు” అని వెనుకాడేవారికి ఒక శుభవార్త. విండోస్‌ సెట్టింగ్స్‌లో భాషల దగ్గరికి వెళ్లి తెలుగు చేర్చుకుని, కీబోర్డుల్లో తెలుగు ఫొనెటిక్‌ అన్నది ఎంచుకోండి. ఇంగ్లీషు మీటల మీద పలికినట్టు కొడుతూ పోతే తెర మీద తెలుగు అక్షరాలు వస్తాయి. విండోస్‌ మీట, స్పేస్‌బార్‌ కలిపి నొక్కితే తెలుగు నుంచి ఇంగ్లీషుకి, మళ్లీ తెలుగులోకి మారవచ్చు. నెట్‌ ఉంటే లేఖిని అనే వెబ్‌సైటులో కూడా ఇలాగే రాసుకోవచ్చు. మండలి, సురన్న, గురజాడ వంటి అందమైన తెలుగు ఖతులు గూగుల్‌ ఫాంట్స్‌లో ఉచితం. వ్రతానికో, సీమంతానికో ఆహ్వానం మీరే తయారుచేసుకోవచ్చు.

మీటలు కొట్టే ఓపిక లేదా? ఫోన్‌లోని గూగుల్‌ కీబోర్డు 2017 నుంచి తెలుగులో చెప్పింది రాసిపెడుతోంది. మైకు బొమ్మ నొక్కి మాట్లాడడమే. అత్తగారి చేత ఆవకాయ కొలతలు, పాత పెళ్లిపాటలు చెప్పించి అక్షరాల్లో దాచుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. అక్కడక్కడా తప్పులు పడతాయి, ఒకసారి చదివి సరిచేస్తే సరి.

ఈ మీటలు కంఠస్థం చేయండి

ఒక మీట నొక్కి పట్టుకుని రెండోది కొట్టాలి. అంతే.

కంట్రోల్‌, జెడ్‌: పొరపాటున చెరిపేసింది వెనక్కి వస్తుంది. భయం పోగొట్టే మీట ఇదే.
కంట్రోల్‌, ఎస్‌: రాసింది భద్రమవుతుంది. కరెంటు కోత ఉన్న ఊళ్లలో అయిదు నిమిషాలకోసారి కొడుతూ ఉండండి.
కంట్రోల్‌, ఎఫ్‌: పొడవాటి జాబితాలో కావలసిన మాట వెతికిపెడుతుంది.
కంట్రోల్‌, ప్లస్‌: బ్రౌజర్‌లో అక్షరాలు పెద్దవవుతాయి. నలభై దాటిన కళ్లకి వరం.
కంట్రోల్‌, పి: ప్రింటర్‌ లేకపోయినా ఫరవాలేదు. పీడీఎఫ్‌ అన్నది ఎంచుకుంటే రసీదు కంప్యూటర్‌లోనే దాచుకోవచ్చు.
కంట్రోల్‌, షిఫ్ట్‌, టి: పొరపాటున మూసేసిన పేజీ తిరిగి తెరుచుకుంటుంది.
విండోస్‌, ఎల్‌: లేచి వెళ్లేటప్పుడు కంప్యూటర్‌కి తాళం.

ఫొటోలు, కాగితాలు పదిలం

గూగుల్‌ ఖాతాలో ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. మెయిలు, ఫొటోలు, ఫైళ్లు అన్నీ కలిపి అంతే. 2021 జూన్‌ 1 నుంచి ఎక్కించే ఫొటోలన్నీ ఈ లెక్కలోకే వస్తున్నాయి. కాబట్టి గుడ్‌ మార్నింగ్‌ పువ్వుల బొమ్మలన్నీ దాచుకోవద్దు. వాట్సప్‌ సెట్టింగ్స్‌లో నిల్వ చూసే చోటు తెరిస్తే, ఎక్కువ చోటు తినే వీడియోలు వరసగా కనిపిస్తాయి. అక్కర్లేనివి తీసేయండి.

ఒక్క జాగ్రత్త. ఫోన్‌ నిండిపోయిందని గూగుల్‌ ఫొటోస్‌లో బొమ్మలు చెరిపేస్తే, అక్కడ దాచినవి కూడా పోతాయి. చెత్తబుట్టలో 60 రోజులుంటాయి, ఆ లోపల వెనక్కి తెచ్చుకోవచ్చు. ఫోన్‌లో మాత్రమే ఖాళీ చేయడానికి అందులోనే వేరే ఏర్పాటు ఉంది, దాన్నే వాడండి. ముఖ్యమైన ఫొటోల్ని ఏడాదికి రెండుసార్లు, ఉగాదికీ దసరాకీ అనుకోండి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించి విడిగా పెట్టండి. ఊరగాయంతా ఒకే జాడీలో పెట్టం కదా!

సర్టిఫికెట్లకి 2015 నుంచి కేంద్ర ప్రభుత్వ డిజిలాకర్‌ ఉంది. డ్రైవింగ్‌ లైసెన్సు, సీబీఎస్‌ఈ మార్కుల పట్టీ వంటివి సంబంధిత శాఖే అందులో జారీ చేస్తే, వాటికి చట్టప్రకారం అసలు కాగితంతో సమానమైన విలువ. మనం ఫొటో తీసి ఎక్కించినదానికి ఆ విలువ ఉండదు.

జిరాక్స్‌ షాపుల్లో ఆధార్‌ ఇవ్వాల్సి వచ్చినప్పుడు, చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే ఆధార్‌ కాపీ ఉడాయ్‌ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఎక్కడ సరిపోతుందంటే అక్కడ అదే ఇవ్వండి. షాపు కంప్యూటర్‌లో మీ మెయిలు తెరిస్తే లాగౌట్‌ చేసి, అక్కడ దిగిన ఫైలు మీ కళ్లముందే చెరిపించి రండి. మొహమాటపడితే మనకే నష్టం.

పోపుల డబ్బాకి కన్నం పడకుండా

ఒకప్పుడు మన పొదుపు పోపుల డబ్బాలో ఉండేది. ఇప్పుడు ఫోన్‌లో ఉంది. అందుకే దొంగలూ ఫోన్‌లోకే వస్తున్నారు. వాళ్ల ఎత్తులు రకరకాలు, మనం పట్టుకోవాల్సిన గుర్తులు మాత్రం కొన్నే.

యూపీఐ పిన్‌ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి కాదు. “మీకు డబ్బు వేస్తాం, పిన్‌ కొట్టండి” అంటే మోసం. పెళ్లి శుభలేఖ అనో, చలానా అనో ఏపీకే అని చివరనున్న ఫైలు వస్తే తెరవకండి. అది శుభలేఖ కాదు, ఫోన్‌లో దూరే దొంగ. కస్టమర్‌ కేర్‌ నంబరు గూగుల్‌లో వెతికి పట్టుకోకండి. కార్డు వెనకో, పాస్‌బుక్కులోనో ఉన్నదానికే చేయండి. అవతలివాడు మీ తెర చూపించమన్నా, ఎనీడెస్క్‌ లాంటిది వేసుకోమన్నా ఫోన్‌ పెట్టేయండి. “డిజిటల్‌ అరెస్టు” అన్నది మన చట్టంలో లేనే లేదు. ఏ పోలీసూ, ఏ జడ్జీ వీడియో కాల్‌లో మనల్ని నిర్బంధించి డబ్బు అడగరు. “మీ కంప్యూటర్‌కి వైరస్‌, ఈ నంబరుకి ఫోన్‌ చేయండి” అని తెర నిండా ఎర్రగా వచ్చినా బెదరకండి. ఆల్ట్‌, ఎఫ్‌4 కలిపి నొక్కితే ఆ కిటికీ మూసుకుంటుంది.

మీ పేరు మీద ఎన్ని ఫోన్‌ నంబర్లున్నాయో సంచార్‌ సాథీ వెబ్‌సైటులో ఉచితంగా చూసుకోవచ్చు. తెలియని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. ఫోన్‌ పోయినా దాన్ని పనిచేయకుండా చేయించవచ్చు.

ఇన్ని చేసినా ఒక్కోసారి మోసపోతాం. చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు, మగవాళ్లు కూడా మోసపోతూనే ఉన్నారు. అప్పుడు చేయాల్సింది ఒక్కటే. వెంటనే 1930కి ఫోన్‌ చేయాలి, బ్యాంకుకి చెప్పాలి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకి పారిపోతూ ఉంటుంది కనుక, ఎంత త్వరగా చెబితే ఆపే అవకాశం అంత ఎక్కువ. కానీ చాలామంది ఆడవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. “ఆయనకి తెలిస్తే తిడతారు”, “పిల్లలు నవ్వుతారు” అని రెండు రోజులు లోలోపలే కుమిలిపోతారు. ఆ రెండు రోజులే దొంగకి కావాల్సింది. పోయింది మీ డబ్బు, సిగ్గుపడాల్సింది వాడు.

ఇంట్లో వాళ్లకీ ఒక మాట. అమ్మ ఏదైనా అడిగితే మౌసు లాక్కుని మీరే చేసేయకండి. పక్కన కూర్చుని, ఆవిడ చేతే చేయించండి. మీకు ఆవిడ అన్నం కలుపుకోవడం నేర్పినప్పుడు రోజుకి ఎన్ని మెతుకులు కింద పోశారో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇవన్నీ ఒక్కరోజులో చేయనక్కర్లేదు. ఈ వారం మెయిలు నంబరు సరిచూడండి. వచ్చే వారం ఫొటోలు పెన్‌డ్రైవ్‌కి ఎక్కించండి. ఆ పై వారం తెలుగులో నాలుగు వాక్యాలు కొట్టండి. ఈలోగా 1930 అన్న అంకె మాత్రం గ్యాస్‌ నంబరు పక్కనే, వంటింటి గోడ మీద ఇవాళే రాసి పెట్టుకోండి.