చోక్ తీయగానే గడ్డి మిషన్ ఎందుకు ఆగిపోతుంది?

తొలకరి పడగానే యానాం కొబ్బరితోటల్లో గడ్డి మోకాలెత్తు లేస్తుంది. ఎండాకాలమంతా మూలన పడున్న బ్రష్ కట్టర్‌ను అప్పుడు బయటికి తీస్తారు. తాడు లాగితే స్టార్టవుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. ఎందుకు?

పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌లో గాలి వెళ్లే దారి మధ్యలో ఇరుకవుతుంది. అక్కడ గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదలే జెట్ అనే రంధ్రంలోంచి పెట్రోలును లాగుతుంది. రంధ్రం మిల్లీమీటరు కన్నా సన్నం. కాస్త బంక పట్టినా కొంత మూసుకుపోతుంది. చోక్ వేస్తే గాలి తగ్గి లాగుడు బలపడుతుంది, ఇంజిన్ నడుస్తుంది. తీస్తే పెట్రోలు చాలదు.

బంక ఎక్కడిది? నిల్వ పెట్రోలులో తేలిక భాగాలు ఆవిరైపోతాయి. మిగిలింది ఆక్సిజన్‌తో కలిసి జిగటగా మారుతుంది. పైగా ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది. గౌతమీ గోదావరి ఒడ్డున, సముద్రానికి దగ్గర్లో ఉన్న యానాంలో తేమకు కొదవా!

అసలు స్టార్టే కాకపోతే? ముందే కార్బురేటర్ విప్పేయడం తొందరపాటు. నాలుగైదుసార్లు తాడు లాగి, స్పార్క్ ప్లగ్ ఊడదీసి కొన చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. ట్యాంకులోని ఫిల్టరు, పైపులు, ఆ తర్వాతే కార్బురేటర్. తడిసి ముద్దయితే పెట్రోలు ఎక్కువైంది, లేదా స్పార్క్ రావడం లేదు. నడుస్తూ నడుస్తూ ఆగి, ట్యాంకు మూత వదులు చేయగానే బాగుపడితే, మూతలోని గాలి రంధ్రం పూడినట్టే.

పెట్రోలు ముట్టుకునే పని పెద్దలదే. సీజను అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలింది అయిపోయేదాకా ఇంజిన్ నడిపి ఆపమని మాత్రం మీరే గుర్తుచేయండి.