స్వరాజ్యమును, పైరుపురుగును

స్వరాజ్యమనగా ఎవరిని వారు పాలించుకొనుట యని గాంధీ మహాత్ముడు 1909లో రచించిన ‘హింద్ స్వరాజ్’ నందు బోధించెను. ఈ బోధ పొలమునకును వర్తించునని మేము తలంచుచున్నాము.

మన ప్రాంతమునకిది క్రొత్త గాదు. 1921లో నాటి గుంటూరు జిల్లాలోని చీరాల, పేరాల ప్రజలు పురపాలక సంఘము తమకు వలదని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, రామనగరమున పాకలలో పెక్కునెలలు నివసించిరి. పిమ్మట పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు చెల్లింపక నిలిచిరి. ఒక్కడు చేసినచో మొండితనము. ఊరంతయు చేసినందున కట్టుబాటయ్యెను.

పురుగు విషయమున మనకా కట్టుబాటు లేకపోయెను. 1980వ దశకమున గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిచేలలో తెల్లదోమ విజృంభించెను. పైరిత్రాయిడ్ మందులు పదేపదే చల్లుటచే, దోమను తిను మిత్రకీటకములు నశించుట అందుకొక కారణము. 1987-88లో అప్పుల పాలైన ప్రత్తిరైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. 2021-22లో నల్ల తామరపురుగు మిరపతోటలను పాడుచేసెను. మందులెన్ని కొట్టినను అనేకుల పంట దక్కలేదు.

పురుగునకు గట్టు అడ్డు గాదు. ఒకడు మోళ్లు పీకక వేసవి వఱకు ఉంచినచో గులాబీరంగు పురుగు ఊరందఱి ప్రత్తికిని ప్రబలును. ఒకడు మందు తగ్గించినను, చుట్టునున్నవారు తగ్గింపనిచో వాని చేనిలో మిత్రకీటకములు నిలువవు. మందులు అరువు తెచ్చుకొన్నవాడు దుకాణదారుని సలహాను గూడ తెచ్చుకొనును. కావున ఇది ఒక్కొక్కరు తేల్చుకొను విషయము గాదు, సభలో తేలవలసినది.

మన సంఘమున ఎకరము గలవానికిని, ఇరువది యెకరములు గలవానికిని ఓటొక్కటే. పైరు వేయకమునుపే సభ చేర్చి, మోళ్లు పీకుటకు గడువు నిర్ణయింపుడు. లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు ఉమ్మడిగా కొని, వారమువారము పురుగును లెక్కించు వంతులు వేసికొనుడు. లెక్క హద్దు మీఱినప్పుడే మందు చల్లుడు. కౌలుదారులను, మందు కొట్టు కూలీలను, కాయ కోయు స్త్రీలను సభకు పిలువుడు. విషము మొదట సోకునది వారికే.

“దిగుబడి తగ్గినచో మాకెవ్వరిత్తురు?” అని కొందఱడుగుదురు. ఆ భయము న్యాయమైనదే. మందు బొత్తిగా మానుడని మేము చెప్పుట లేదు. చల్లవలెనో వలదో భయమును, అప్పును గాక, లెక్కయు సభయు నిర్ణయింపవలెనని మాత్రమే మా మనవి.