కాన్పుతో ముగియని రక్తపు పోటు

గర్భిణికి 20వ వారం దాటిన పిదప రక్తపు పోటు 140/90కి లేదా అంతకు మించి పెరిగి, మూత్రంలో మాంసకృత్తులు కనిపించడమో, కాలేయం, మూత్రపిండాల వంటి అవయవాలు దెబ్బతినడమో జరిగితే ఆ స్థితిని వైద్యులు ‘ప్రీ ఎక్లాంప్సియా’ అంటారు. అది ముదిరి మూర్ఛలు వస్తే మన పెద్దలు గుర్రపువాతమన్నారు.

ప్రసవానంతరం కొన్ని వారాలలో ఈ పోటు సాధారణంగా తగ్గిపోతుంది. ఆపద గడచినదని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. తల్లి సంగతి మరుగున పడుతుంది. కాని 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్ష ప్రకారం, ఇట్టి స్త్రీలకు తరువాతి జీవితంలో అధిక రక్తపు పోటు వచ్చే అవకాశం ఇతరులకన్న సుమారు నాలుగు రెట్లు; గుండెజబ్బు, పక్షవాతముల ప్రమాదం దాదాపు రెట్టింపు.

కారణమేమి? బిడ్డను పోషించే మాయ నుండి వెలువడే కొన్ని పదార్థాలు తల్లి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఆ గాయం కొందరిలో పూర్తిగా మానదు. మరికొందరిలో అంతకుముందే దాగియున్న బలహీనతను గర్భధారణ బయటపెడుతుంది.

అట్లని అందరికీ గుండెజబ్బు రాదు. ఏటేటా రక్తపు పోటును, వైద్యుని సలహాపై చక్కెరను, కొలెస్టరాలును పరీక్ష చేయించుకోవాలి. ఉప్పు దినమునకు 5 గ్రాములకు మించరాదు. ఊరగాయ, అప్పడములలోని ఉప్పు కూడ ఆ లెక్కలోనిదే. నిత్యం నడవాలి.

అన్నింటికన్న ముఖ్యం, ఆనాటి ఆసుపత్రి కాగితం భద్రపరచడం. ఏబది ఏండ్ల వయసులో గుండెనొప్పితో వెళ్ళిన స్త్రీని పాత కాన్పుల సంగతి వైద్యుడు అడగకపోవచ్చు, తానే చెప్పాలి. విద్యార్థినీ విద్యార్థులారా! మీరు కడుపులో ఉన్నప్పుడు అమ్మకు పోటు పెరిగినదేమో నేడే అడిగి తెలుసుకొనండి. పెరిగి ఉంటే ఆమెను పరీక్షకు తోడ్కొని పోవలసినది మీరే.